కళ్లముందు వంకర మెరుపులు, గుండెలో చిన్న తలుపు: మైగ్రేన్‌కీ పీఎఫ్ఓకీ సంబంధం ఎంత?

ఫజ్ర్ నమాజ్ తర్వాత ఖురాన్ తెరిచి కూర్చున్న మనిషికి ఉన్నట్టుండి లైన్ మధ్యలో రెండు మూడు అక్షరాలు కనిపించవు. కళ్లు నులుముకున్నా రావు. ఆ ఖాళీ అంచున రంపం పళ్లలాంటి వంకర గీత ఒకటి మిలమిల మెరుస్తుంటుంది. పది నిమిషాల్లో అది పెద్దదవుతుంది, ఒక పక్కకు జరుగుతుంది, అరగంటకు మాయమైపోతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు బాధ. తలలో ఒక పక్క సుత్తితో కొట్టినట్టు నొప్పి, వాంతులు, లైటు చూడలేకపోవడం, పిల్లల అరుపులు కూడా భరించలేకపోవడం.

ఇంట్లో ఒకరు కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లమంటారు. ఇంకొకరు నజర్ తగిలిందంటారు. బీపీ అంటారు, గ్యాస్ అంటారు. ఏళ్ల తర్వాత ఏదో కారణంతో గుండెకు ఎకో తీస్తే రిపోర్టులో మూడక్షరాలు కనిపిస్తాయి: పీఎఫ్ఓ. 'గుండెలో రంధ్రం' అన్న మాట చెవిన పడగానే ఇల్లంతా గాభరా. ఆ రంధ్రం వల్లే ఇన్నాళ్లూ తలనొప్పి వచ్చిందా, దాన్ని మూసేస్తే పోతుందా అన్న ప్రశ్న ఆ వెంటనే వస్తుంది.

ఈ ప్రశ్న మీద డాక్టర్లే పాతికేళ్లకు పైగా వాదించుకుంటున్నారు. ఇప్పటిదాకా తేలింది చాలానే ఉంది. కొంత ఊరటనిస్తుంది, కొంత ఆశ మీద నీళ్లు చల్లుతుంది. ఒక విషయం మాత్రం ముఖ్యంగా ఆడవాళ్లు తెలుసుకోవాల్సింది. అది రంధ్రానికి సంబంధించింది కాదు, మందుల షాపులో కొనే ఒక మాత్రకు సంబంధించింది.

ఆరా అంటే ఏమిటి?

మైగ్రేన్ కొత్త జబ్బేం కాదు. ఉర్దూలో మన పెద్దవాళ్లు ఆధాసీసీ అంటారు, యునానీ హకీములు షఖీఖా అంటారు, తెలుగులో పార్శ్వపు నొప్పి. మూడు పేర్ల అర్థమూ దాదాపు ఒకటే: సగం తల నొప్పి. ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం ఇహ్రామ్‌లో ఉండగా షఖీఖా నొప్పికి తలపై హిజామా చేయించుకున్నట్టు సహీహ్ బుఖారీలో ఉంది. అంటే ఈ నొప్పికి పేరూ, వైద్యమూ 1400 ఏళ్ల క్రితమే ఉన్నాయి.

మైగ్రేన్ ఉన్నవాళ్లలో సుమారు మూడు నాలుగు మందిలో ఒకరికి నొప్పికి ముందు ఒక హెచ్చరిక వస్తుంది. దాన్నే ఆరా అంటారు. ఎక్కువగా కంటికి సంబంధించిందే: వంకర గీతలు, మెరుపులు, చూపులో ఖాళీ. కొందరికి చేతి వేళ్లలో మొదలైన తిమ్మిరి మెల్లగా మోచేతికి, అక్కడి నుంచి పెదవులకు, నాలుకకు పాకుతుంది. కొందరికి కాసేపు మాట తడబడుతుంది. సాధారణంగా 5 నిమిషాల నుంచి గంట వరకు ఉంటుంది. కొందరికి ఆరా వచ్చి నొప్పి రాకుండానే పోతుంది కూడా.

తప్పు కంటిది కాదు. మెదడు వెనక భాగంలో, చూపును నడిపే పొర మీద, నాడీకణాల్లో ఒక అలజడి అలలా మెల్లగా పాకుతుంది. అల వెళ్లిన చోట కణాలు ముందు ఉద్రేకపడి, తర్వాత కాసేపు మూగబోతాయి. 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త తనకే వచ్చే ఆరాను కాగితం మీద గీసుకుంటూ లెక్క వేశారు. ఆ అలజడి మెదడు మీద నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతోందని తేల్చారు. మూడేళ్ల తర్వాత, 1944లో, బ్రెజిల్‌కు చెందిన అరిస్టిడెస్ లియావో కుందేళ్ల మెదడులో అలాంటి అలనే కనిపెట్టారు. ఇద్దరూ చూసింది ఒకటేనని తర్వాతి రోజుల్లో అర్థమైంది.

ఈ మెల్లగా పాకడమే ఆరాకు గుర్తు. పక్షవాతం అలా రాదు, ఒక్కసారిగా కొడుతుంది. మెరుపులు ఉండవు, చూపు లేదా బలం నేరుగా పోతుంది. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి వాలిపోవడం, మాట పడిపోవడం క్షణాల్లో జరిగితే 'ఇది ఎప్పుడూ వచ్చే మైగ్రేనే' అని పడుకోబెట్టకూడదు. 108కి ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. జీవితంలో మొదటిసారి ఆరా వచ్చినా, గంట దాటినా తగ్గకపోయినా అదే జాగ్రత్త.

అందరికీ ఉన్న తలుపు

ఇప్పుడు గుండె సంగతి. తల్లి కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు, ఆక్సిజన్ తల్లి రక్తం నుంచే వస్తుంది. కాబట్టి రక్తమంతా ఊపిరితిత్తుల చుట్టూ తిరిగి రావాల్సిన పని లేదు. అందుకే గుండెలో కుడివైపు పై గదికీ ఎడమవైపు పై గదికీ మధ్య గోడలో ఒక అడ్డదారి ఉంటుంది. దాని పేరు ఫోరామెన్ ఓవేల్. అది గోడకు పొడిచిన బొక్క లాంటిది కాదు. రెండు పొరలు ఒకదాని మీద ఒకటి కప్పుకున్నట్టు ఉండే, ఒకే వైపు తెరుచుకునే తలుపు లాంటిది.

బిడ్డ పుట్టి మొదటి ఏడుపు ఏడవగానే ఊపిరితిత్తులు తెరుచుకుంటాయి. ఎడమ గదిలో ఒత్తిడి పెరిగి ఆ తలుపును గోడకు అదిమేస్తుంది. దాదా వచ్చి బిడ్డ చెవిలో అజాన్ చెప్పే వేళకు ఆ దారిలో రాకపోకలు చాలావరకు ఆగిపోయి ఉంటాయి. తర్వాత నెలల్లో రెండు పొరలు అతుక్కుని గోడగా మారతాయి.

కొందరిలో అతుక్కోవు. తలుపు మూసే ఉంటుంది, కానీ గడియ పడదు. దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు, ముక్కినప్పుడు కుడివైపు ఒత్తిడి పెరిగితే ఒక్క క్షణం తెరుచుకుంటుంది. ఇదే పేటెంట్ ఫోరామెన్ ఓవేల్, పొట్టిగా పీఎఫ్ఓ. ఇది ఎంతమందికి ఉంటుంది? అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు చనిపోయినవారి గుండెలు 965 పరీక్షించి 1984లో లెక్క ప్రచురించారు. 27 శాతానికి పైగా గుండెల్లో ఆ తలుపు అతుక్కోకుండానే ఉంది. వాళ్లలో చాలామంది ఆ సంగతి తెలియకుండానే బతికి, ముసలివాళ్లై, వేరే కారణాలతో పోయారు.

ఈ అంకెను రిష్తా మాట్లాడేవాళ్లు ఒకసారి చూడాలి. 'అమ్మాయికి గుండెలో రంధ్రం ఉందట' అన్న ఒక్క మాటకు సంబంధం వదులుకునే ఇళ్లున్నాయి. మాట్లాడుకోవడానికి ఒక గదిలో రెండు వైపుల వాళ్లూ కలిపి పదహారు మంది కూర్చున్నారనుకుంటే, లెక్క ప్రకారం వాళ్లలో నలుగురికి ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఎకో తీయించుకోలేదు కాబట్టి తెలియదు, అంతే.

ఏఎస్‌డీ అనేది వేరు. అందులో గోడలో కొంత భాగం నిజంగానే లేకుండా పుడతారు. రక్తం ఎప్పుడూ అటు పారుతూ ఉంటుంది, గుండె మీద భారం పడుతుంది. పెద్ద ఏఎస్‌డీ అయితే మూయించాల్సిందే. రిపోర్టులో రెండింటిలో ఏది రాశారో డాక్టర్‌ని అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే మన నోట్లో రెండూ 'దిల్ మే సురాఖ్' అయిపోతాయి.

ఈతగాళ్లు బయటపెట్టిన సంబంధం

తలకూ గుండెకూ లంకె ఉందన్న అనుమానం 1990ల చివర్లో ఇటలీ వైద్యుల అధ్యయనాలతో బలపడింది. ఆరాతో మైగ్రేన్ వచ్చేవాళ్లను పరీక్షిస్తే, దాదాపు సగం మందిలో గుండె తలుపు తెరిచి ఉంది. 1999లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆరా ఉన్నవాళ్లలో 48 శాతం మందికి, ఆరా లేని మైగ్రేన్‌లో 23 శాతం మందికి, అసలు మైగ్రేన్ లేనివాళ్లలో 20 శాతం మందికి పీఎఫ్ఓ కనిపించింది. అంటే మామూలు మైగ్రేన్‌కీ పీఎఫ్ఓకీ పెద్దగా సంబంధం లేదు. తేడా అంతా ఆరాతోనే.

రెండో ఆధారం సముద్రం నుంచి వచ్చింది. లోతుకు వెళ్లే డైవర్లు పైకి వచ్చేటప్పుడు రక్తంలో గాలి బుడగలు ఏర్పడతాయి. మామూలుగా వాటిని ఊపిరితిత్తులు జల్లెడలా పట్టి ఆపేస్తాయి. పీఎఫ్ఓ ఉంటే కొన్ని అడ్డదారిన ఎడమవైపుకు జారుకుని మెదడుకు చేరగలవు. పీటర్ విల్మ్‌షర్స్ట్ అనే బ్రిటిష్ గుండె వైద్యుడు అలాంటి డైవర్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు ఆ తలుపును మూయించేవారు. అప్పుడు అనుకోని మాటొకటి వినబడింది: 'డాక్టర్, నా మైగ్రేన్ కూడా తగ్గింది.' మూయించుకున్న 37 మంది అనుభవాన్ని ఆయన బృందం 2000లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. వాళ్లలో ముందు నుంచి మైగ్రేన్ ఉన్నవాళ్లకు చాలామందికి అది పోవడమో తగ్గడమో జరిగింది.

ఎలా? రెండు మూడు వివరణలున్నాయి. సిరల్లో ఎప్పుడూ ఏర్పడుతూ పోతుండే చిన్న చిన్న రక్తపు గడ్డలు ఊపిరితిత్తుల జల్లెడను తప్పించుకుని మెదడుకు వెళ్లి ఆ అలను రేపుతాయన్నది ఒకటి. ఎలుకల మెదడు రక్తనాళాల్లోకి సూక్ష్మమైన కణాలను పంపితే ఆ అల నిజంగానే పుట్టిందని 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించారు. సెరటోనిన్ లాంటి రసాయనాలను ఊపిరితిత్తులు విరిచేస్తాయి, అడ్డదారిన వెళ్తే అవి విరగకుండానే మెదడుకు చేరతాయన్నది ఇంకొకటి. పీఎఫ్ఓ, ఆరా రెండూ ఒకే కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తాయని, ఒకదానికి ఒకటి కారణం కానక్కర్లేదని మూడో మాట. కథ బాగానే కుదిరింది. అయితే వైద్యంలో కుదిరిన కథలన్నీ నిజం కావు.

వెనక్కి తిరిగిన లెక్కలు

న్యూయార్క్‌లోని ఉత్తర మాన్‌హాటన్‌లో ఆస్పత్రికి వచ్చేవాళ్లను కాకుండా మామూలు జనాన్ని, 1,100 మందిని, పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. మైగ్రేన్ ఉన్నామని చెప్పినవాళ్లలో పీఎఫ్ఓ 14.6 శాతం, లేనివాళ్లలో 15 శాతం. తేడా ఏమీ లేదు. 2010లో మరో అధ్యయనం 144 మంది మైగ్రేన్ రోగులను, అంతే సంఖ్యలో మైగ్రేన్ లేనివాళ్లను పక్కపక్కన పెట్టి చూసింది. 26.4 శాతం, 25.7 శాతం. ఇక్కడా అంతే.

అయితే ముందు చెప్పిన అధ్యయనాలు తప్పా? అలా అనలేం. ఆస్పత్రికి వచ్చేది బాగా బాధపడేవాళ్లే కాబట్టి అక్కడ లెక్క పెరిగి కనిపించొచ్చు. పైగా మాన్‌హాటన్ జనం వయసులో పెద్దవాళ్లు, మైగ్రేన్ వయసు దాటినవాళ్లు. ఆరాతో మైగ్రేన్ తరచూ వచ్చేవాళ్లలో పెద్ద పీఎఫ్ఓలు ఎక్కువగా కనిపిస్తాయన్నది చాలామంది నిపుణులు ఇప్పటికీ ఒప్పుకునే మాట. ఉండటం వేరు, అదే కారణం కావడం వేరు. ఆ ముడి విప్పాలంటే ఒకే దారి: కొందరికి మూసి, కొందరికి మూయకుండా చూడటం.

ఉత్తుత్తి ఆపరేషన్

మొదటి పెద్ద ప్రయత్నం బ్రిటన్‌లో జరిగింది. పేరు మిస్ట్. మందులతో తగ్గని ఆరా మైగ్రేన్ ఉన్న 147 మందిని చీటీలు తీసినట్టు రెండు భాగాలు చేశారు. అందరికీ మత్తు ఇచ్చారు, అందరికీ గజ్జ దగ్గర గాటు పెట్టారు. సగం మందికే గుండెలో గొడుగు లాంటి పరికరం అమర్చారు. తమకు ఏది జరిగిందో రోగులకు తెలియదు. మైగ్రేన్ పూర్తిగా ఆగిపోవాలన్నది గురి. 2008లో ఫలితం వచ్చింది. పరికరం పెట్టిన 74 మందిలో ముగ్గురికి ఆగింది. ఉత్తుత్తి ఆపరేషన్ జరిగిన 73 మందిలోనూ ముగ్గురికే ఆగింది.

ఈ కథ కోర్టుకూ ఎక్కింది. అధ్యయనాన్ని నడిపించిన వైద్యుల్లో విల్మ్‌షర్స్ట్ ఒకరు. చాలామందిలో పరికరం పెట్టాక కూడా రంధ్రం సరిగా మూసుకోలేదని ఆయన 2007లో బహిరంగంగా అన్నారు. పరికరం తయారుచేసిన బోస్టన్ కంపెనీ ఎన్ఎంటీ మెడికల్ ఆయన మీద ఇంగ్లాండ్‌లో పరువు నష్టం దావా వేసింది. ఆయన తగ్గలేదు. ప్రచురితమైన వ్యాసానికి 2009లో సవరణ వచ్చింది. 2011లో కంపెనీ మూతపడటంతో దావా కూడా పోయింది. శాస్త్రం మాట్లాడినందుకు డాక్టర్ ఇల్లు అమ్ముకోవాల్సిన పరిస్థితి రాకూడదని అప్పట్లో ఇంగ్లాండ్‌లో పెద్ద చర్చే జరిగింది. అక్కడి పరువు నష్టం చట్టాన్ని 2013లో మార్చినప్పుడు ప్రస్తావించిన ఉదాహరణల్లో ఈ కేసు కూడా ఒకటి.

తర్వాత రెండు ప్రయత్నాలు వేరే పరికరంతో జరిగాయి. ప్రైమా అనే అధ్యయనంలో 107 మంది ఉన్నారు, 2016లో ఫలితం వచ్చింది. మైగ్రేన్ రోజులు మూయించుకున్నవాళ్లలో నెలకు 2.9, మందులే వాడినవాళ్లలో 1.7 తగ్గాయి. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పేంత పెద్దది కాదు. ప్రీమియమ్ అనే అధ్యయనంలో 230 మంది, 2017లో ఫలితం. నొప్పులు సగానికి తగ్గినవాళ్లు పరికరం పెట్టినవాళ్లలో 38.5 శాతం, ఉత్తుత్తి ఆపరేషన్‌లో 32 శాతం. పెట్టుకున్న గురి ఇక్కడా తప్పింది.

ఆ 32 శాతం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. గుండెలో ఏమీ పెట్టలేదు. గాటు పెట్టి కుట్టేశారు, అంతే. అయినా ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరికి తలనొప్పులు సగానికి తగ్గాయి. 'ఫలానా వాళ్లు మూయించుకున్నారు, బాగైపోయింది' అన్న మాట ఎంత నిజాయితీగా చెప్పినా, దాన్ని నమ్ముకుని గుండెలోకి వైర్ పంపించుకోకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కానీ తలుపు పూర్తిగా మూసుకుపోయిందని కూడా చెప్పలేం. అదే ప్రీమియమ్ అధ్యయనంలో మైగ్రేన్ పూర్తిగా ఆగిపోయినవాళ్లు పరికరం వైపు 8.5 శాతం, రెండో వైపు 1 శాతం. ప్రైమాలోనూ ఆరాతో వచ్చే దాడులు పూర్తిగా పోయినవాళ్లు మూయించుకున్న వైపే ఎక్కువ. అంటే ఒక చిన్న గుంపుకు, ముఖ్యంగా దాదాపు ప్రతిసారీ ఆరాతోనే నొప్పి వచ్చేవాళ్లకు, మేలు జరుగుతుండొచ్చు. ఆ గుంపు ఎవరన్నది ముందే గుర్తుపట్టడం ఇంకా చేతకాలేదు. అందుకే బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ మైగ్రేన్ కోసం పీఎఫ్ఓ మూయడానికి ఆధారాలు చాలవని 2010లోనే చెప్పింది. యూరప్ నిపుణుల సలహా కూడా దాదాపు ఇదే: మామూలు వైద్యంగా వద్దు, పరిశోధనలో భాగంగానో మరీ దారి లేనప్పుడో మాత్రమే.

ఎవరికి మూయాలి?

పక్షవాతం వచ్చినవాళ్ల విషయం వేరు. 60 ఏళ్ల లోపు వయసులో, వేరే ఏ కారణమూ దొరకకుండా పక్షవాతం వచ్చి, పీఎఫ్ఓ ఉందని తేలితే మూయించడం వల్ల రెండోసారి రాకుండా కాపాడే అవకాశం పెరుగుతుందని 2017లో ఒకే రోజు వెలువడిన మూడు అధ్యయనాలు చూపించాయి. అమెరికా ఎఫ్‌డీఏ అంతకుముందు ఏడాదే, 2016 అక్టోబర్‌లో, 18 నుంచి 60 ఏళ్ల మధ్య అలాంటి రోగుల కోసం ఒక పరికరానికి అనుమతి ఇచ్చింది. ఆ అనుమతి పక్షవాతానికే, మైగ్రేన్‌కు కాదు.

గుండె తెరవకుండా, తొడ దగ్గరి సిర గుండా చేసే చిన్న ప్రక్రియే ఇది. చిన్నదే కానీ ఖర్చూ ఉంది, ప్రమాదమూ ఉంది. కొందరికి తర్వాత గుండె లయ తప్పుతుంది. పైన చెప్పిన మూడింటిలో ఒకదానిలో మూయించుకున్న 100 మందిలో ఆరేడుగురికి అలా జరిగింది, మూయించుకోనివాళ్లలో ఒక్కరికి కూడా పూర్తిగా కాదు. పరికరంలో నికెల్ ఉంటుంది కాబట్టి ఆ లోహం పడనివాళ్లు ముందే చెప్పాలి. తర్వాత కొన్ని నెలలు రక్తం పలుచబరిచే మాత్రలు వాడాలి. ఆ రోజుల్లో హిజామా చేయించుకోవాలనుకుంటే ముందు గుండె డాక్టర్‌ని అడగాలి. మాత్రలు వాడుతున్న సంగతి హిజామా చేసేవాళ్లకూ చెప్పాలి. రక్తం ఆగడం కష్టమవుతుంది.

మరి ఆరా మైగ్రేన్ ఉన్న ప్రతి ఒక్కరూ పీఎఫ్ఓ పరీక్ష చేయించుకోవాలా? అవసరం లేదు. పరీక్ష కష్టమైందేం కాదు. సెలైన్‌ను సిరంజీల మధ్య అటూ ఇటూ కొట్టి చిన్న బుడగలు చేసి చేతి సిరలోకి ఎక్కిస్తారు, ఊపిరి బిగబట్టి ముక్కి వదలమంటారు. బుడగలు మూడు నుంచి ఐదు గుండె చప్పుళ్లలోపు ఎడమవైపు కనిపిస్తే తలుపు తెరిచి ఉన్నట్టు. కానీ ఉందని తెలిసినా మైగ్రేన్ వైద్యం మారదు. భయం మాత్రం ఇంటికి వస్తుంది. పక్షవాతం లాంటి లక్షణాలు వచ్చినప్పుడో, డైవింగ్ చేసేవాళ్లలో బుడగల జబ్బు వచ్చినప్పుడో డాక్టర్లే ఈ పరీక్ష రాస్తారు.

నివారణకు మందులున్నాయి. ప్రొప్రనలాల్, ఫ్లూనరిజిన్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్ లాంటివి న్యూరాలజిస్టు మనిషిని బట్టి ఎంచుతారు. ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రొప్రనలాల్ పనికిరాదు, గర్భం అనుకుంటున్నవాళ్లకు టోపిరమేట్ పనికిరాదు, కాబట్టి పక్కింటివాళ్ల చీటీ మన చీటీ కాదు. నెలలో 15 రోజులు, అంతకంటే ఎక్కువ మామూలు నొప్పి మాత్రలు మింగితే ఆ మాత్రలే కొత్త తలనొప్పి తెస్తాయి. రంజాన్‌లో మైగ్రేన్ రోజులు మామూలు నెలకంటే రెట్టింపు దాటుతాయని రోజా ఉన్న మైగ్రేన్ రోగుల మీద చేసిన ఒక అధ్యయనంలో తేలింది. దానికి నిద్ర చెదరడం, నీళ్లు తగ్గడం, ఆకలితో పాటు చాయ్ ఒక్కసారిగా ఆగిపోవడం కూడా తోడవుతుంది. రోజుకు ఐదారు ఇరానీ చాయ్‌లు తాగేవాళ్లు షాబాన్ నెల నుంచే ఒక్కొక్కటి తగ్గించుకుంటూ రావాలి. సెహ్రీ వదిలేయకూడదు. నివారణ మాత్రలను ఇఫ్తార్, సెహ్రీ వేళలకు మార్చుకోవడం చాలామందికి కుదురుతుంది, డాక్టర్‌ని ముందే అడగాలి. అయినా తట్టుకోలేనివాళ్లకు షరియత్‌లో కజా వెసులుబాటు ఉంది.

ఆ మాత్ర సంగతి

రంధ్రం ఉన్నా లేకపోయినా, ఆరాతో మైగ్రేన్ వచ్చేవాళ్లకు పక్షవాతం ముప్పు మిగతావాళ్లకంటే సుమారు రెట్టింపు. వినగానే గుండె జారుతుంది. కానీ ఇరవై, ముప్పై ఏళ్ల వయసులో ఆ ముప్పే చాలా చిన్నది. చిన్న అంకెను రెట్టింపు చేస్తే వచ్చేదీ చిన్న అంకే. అది చిన్నదిగా ఉండకుండా చేసేవి కొన్ని ఉన్నాయి: సిగరెట్, అదుపులో లేని బీపీ, ఈస్ట్రోజెన్ ఉన్న హార్మోన్ మాత్రలు. మూడూ కలిస్తే ముప్పు కూడిక కాదు, గుణకారం. ఆరా మైగ్రేన్ ఉన్న ఆడవాళ్లు ఏ వయసువాళ్లయినా ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో ఉంది. వాటిని నాలుగో కేటగిరీలో పెట్టారు, అంటే ఆ మనిషికి అసలు వద్దు అని.

గర్భనిరోధక మాత్రలు మేం వాడం అని చాలామంది అనుకోవచ్చు. కానీ హజ్, ఉమ్రా ప్రయాణాల ముందు, రంజాన్‌లో, పెళ్లి తేదీ దగ్గరపడ్డప్పుడు నెలసరి వాయిదా వేసే మాత్రలు మన ఇళ్లలో మామూలే. కొందరు ఇందుకోసం గర్భనిరోధక మాత్రలనే వాడతారు, వాటిలో ఈస్ట్రోజెన్ ఉంటుంది. ఎక్కువగా ఇచ్చేది నోరెథిస్టెరాన్. అది ఈస్ట్రోజెన్ కాదు. కానీ వాయిదా కోసం రోజుకు రెండు మూడుసార్లు ఇచ్చే పెద్ద మోతాదులో దానిలో కొంత భాగం శరీరంలోకి వెళ్లాక ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. దాని మీద గంటల కొద్దీ విమానంలో కదలకుండా కూర్చోవడం, మక్కా ఎండలో నీళ్లు చాలకపోవడం తోడవుతాయి.

చెల్లెలికి పడింది అక్కకు పడుతుందని మందుల షాపు నుంచి తెప్పించుకుంటారు. చీటీ ఎవరూ అడగరు, తలనొప్పి సంగతి ఎవరూ చెప్పరు. ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లి, తలనొప్పి వస్తుందని మాత్రమే కాకుండా 'నొప్పికి ముందు కళ్లముందు మెరుపులు వస్తాయి' అని విడిగా చెప్పాలి. బీపీ చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పక్షవాతం వచ్చి ఉన్నా, కాలిలో రక్తం గడ్డకట్టి ఉన్నా అది కూడా చెప్పాలి. మాత్ర మొదలుపెట్టాక ఆరా కొత్తగా వచ్చినా, ఎప్పుడూ వచ్చేదానికంటే ఎక్కువసార్లు వస్తున్నా మాత్ర ఆపి అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయాలి.